రక్తం ఎందుకు ఆగడం లేదని ఎవరూ అడగలేదు



మా అక్కకు నెలసరి పది రోజులైనా ఆగేది కాదు. ఆసుపత్రిలో రక్తం ఎక్కించి, ఐరన్ మాత్రలిచ్చి, "కూలోళ్లు కదా, తిండి చాలక రక్తహీనత" అన్నారు. రక్తం ఎందుకు ఆగడం లేదని ఎవరూ అడగలేదు. మా వాడను చూసి జబ్బును తేల్చేశారు. రెండో కాన్పులో ప్రాణం మీదికొచ్చాకే వాన్ విల్లీబ్రాండ్ వ్యాధి అని తెలిసింది.

1926లో ఫిన్లాండ్ వైద్యుడు ఎరిక్ వాన్ విల్లీబ్రాండ్ ఈ వ్యాధిని మొదట వివరించింది ఒక బాలికను చూసే. ఆ పిల్ల 13 ఏళ్లకే నెలసరి రక్తస్రావంతో చనిపోయింది. అయినా మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ వ్యాధి పేరే లేదు. హీమోఫీలియా ఉంది, కానీ సాధారణంగా మగవారికే వచ్చేదిగా, తల్లులు కొడుకులకిచ్చేదిగా. ఆ జన్యువు మోసే స్త్రీలలోనూ కొందరికి రక్తం ఆగదు. చట్టం దృష్టిలో మేం జబ్బును మోసేవాళ్లమే, జబ్బుపడేవాళ్లం కాదు.

నెలసరి ఏడు రోజులు దాటినా, గంటకో ప్యాడ్ తడిసినా, పన్ను పీకాక రక్తం ఆగకపోయినా అది మామూలు కాదు. ఐరన్ మాత్రతో సరిపెట్టుకోకండి. వాన్ విల్లీబ్రాండ్ ఫ్యాక్టర్ పరీక్ష అడగండి. ఈ మాట ముందు మీ హాస్టల్ గదుల్లో మొదలుపెట్టండి. అడగడం మన హక్కు.

జై భీమ్.