ముప్పై రోజుల్లోగా ఒక పరీక్ష
(స్వచ్ఛంద సంస్థల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల హక్కుల గురించి మాట్లాడుకునే చోట పసిబిడ్డల కంటి జబ్బు ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఇది డాక్టర్ల వ్యవహారం కదా అని కూడా అనుకోవచ్చు. ఈ జబ్బుకు వైద్యం ఉంది. అది మన దేశంలోనే, హైదరాబాదులోనే ఉంది. అయినా పిల్లలు చూపు పోగొట్టుకుంటున్నారు. చాలా సందర్భాల్లో దానికి కారణం, ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు తల్లికి ఒక్క మాట చెప్పకపోవడమే. అందుకే ఇది మన విషయం కూడా.

జబ్బు పేరు రెటినోపతీ ఆఫ్ ప్రీమెచ్యూరిటీ. డాక్టర్లు ఆర్.ఓ.పి. అంటారు. కంటి వెనక భాగంలో రెటీనా అనే పలచని పొర ఉంటుంది. మనకు కనిపించేదంతా ఆ పొర మీదే పడుతుంది. కడుపులో బిడ్డకు నాలుగో నెల వచ్చేసరికి ఈ పొరలో రక్తనాళాలు మొలకెత్తడం మొదలవుతుంది. మధ్య నుంచి అంచులకు పాకుతూ అవి పూర్తయ్యేసరికి దాదాపు నెలలు నిండుతాయి. ఏడో నెలలో పుట్టిన బిడ్డకు ఈ పని సగంలోనే ఆగిపోయి ఉంటుంది. అమ్మ కడుపులో అందే ఆక్సిజన్ తక్కువ. బయటికి రాగానే అది ఒక్కసారిగా పెరుగుతుంది. దాంతో నాళాల ఎదుగుదల నిలిచిపోతుంది. కొన్ని వారాలకు పొర పెరిగి రక్తం చాలకపోయేసరికి అడ్డదిడ్డంగా కొత్త నాళాలు పుట్టుకొస్తాయి. అవి బలహీనమైనవి. రక్తం కారుతుంది, మచ్చ కడుతుంది, ఆ మచ్చ రెటీనాను లాగి ఊడదీస్తుంది. ఊడిపోయాక చేయగలిగింది చాలా తక్కువ.

ఈ జబ్బును మొదట గుర్తించింది 1942లో, అమెరికాలోని బోస్టన్‌లో. థియొడొర్ టెర్రీ అనే డాక్టర్ దాని గురించి రాశాడు. తర్వాత పది పన్నెండేళ్ళలో సుమారు పది వేలమంది పిల్లలు గుడ్డివాళ్ళయ్యారు. విచిత్రమేమిటంటే వాళ్ళలో ఎక్కువమంది మంచి వసతులున్న ఆసుపత్రుల్లో పుట్టినవాళ్ళే. కారణం ఆక్సిజనేమోనని 1951లో అనుమానించిన వాళ్ళలో ముఖ్యురాలు కేట్ క్యాంప్‌బెల్, మెల్‌బోర్న్‌లోని ఒక మహిళా డాక్టర్. ఎక్కువ ఆక్సిజన్ ఇచ్చిన పిల్లల్లోనే చూపు ఎక్కువగా పోతోందని ఆమె గమనించింది. అమెరికాలో అనేక ఆసుపత్రులు కలిసి 1953-54లో చేసిన పరిశీలన ఆ అనుమానాన్ని రుజువు చేసింది. వెంటనే ఆక్సిజన్‌కు కోత పెట్టారు. చూపు పోవడం తగ్గింది, కానీ ఊపిరాడక చనిపోయే పిల్లలు పెరిగారు. కాబట్టి ఆక్సిజన్‌ను శత్రువని చెప్పి ఊళ్ళో ఎవరినీ భయపెట్టకండి. అది ప్రాణం నిలిపేదే. కొలత లేకుండా ఇవ్వడంతోనే చిక్కు.

కొలత అంటే ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం. సిలిండర్ నుంచి నేరుగా వచ్చేది దాదాపు నూరు శాతం. గాలిని, ఆక్సిజన్‌ను కలిపి తగిన మోతాదులో ఇచ్చే బ్లెండర్ అనే పరికరం ఉండాలి. బిడ్డ పాదానికి పల్స్ ఆక్సీమీటర్ కట్టి ఉండాలి. కరోనా రోజుల్లో మన వేళ్ళకు పెట్టుకున్నదే అది. మనకు 98, 99 చూపిస్తే సంతోషించాం. కానీ ఆక్సిజన్ మీద ఉన్న నెలలు నిండని బిడ్డకు ఆ అంకె మంచిది కాదు. సాధారణంగా 90 నుంచి 95 మధ్య ఉంచాలంటారు. దాటితే అలారం మోగాలి, మోగితే చూసే నర్సు ఉండాలి. ఒక్క నర్సు పది పదిహేనుమంది పిల్లలను కనిపెట్టుకుని ఉండే వార్డులో ఆ అలారం ఎవరు వింటారు? నర్సు ఉద్యోగాల ఖాళీలకూ పిల్లల చూపుకూ సంబంధం ఉందని నేననేది ఇందుకే. పెద్దాసుపత్రికి తీసుకుపోయే అంబులెన్సులో గంటల తరబడి నేరుగా సిలిండర్ పెట్టడం కూడా ఇందులోకే వస్తుంది.

ఆక్సిజన్ ఒక్కటే కాదు. ఎన్ని వారాలకు పుట్టింది, ఎంత బరువుంది అన్నవి అన్నిటికంటే ముఖ్యం. ఎంత ముందు పుడితే, ఎంత తక్కువ తూగితే అంత ప్రమాదం. రక్తంలో ఇన్ఫెక్షన్, రక్తం ఎక్కించవలసి రావడం, మాటిమాటికీ ఊపిరి ఆగడం, పుట్టాక వారాలు గడిచినా బరువు పెరగకపోవడం కూడా ప్రమాదాన్ని పెంచుతాయి. తల్లిపాలు, బిడ్డను రొమ్ముకు ఆనించుకుని ఉంచే కంగారూ పద్ధతి ఇన్ఫెక్షన్లను తగ్గిస్తాయి, బరువు పెంచుతాయి. అయినా తల్లిని వార్డు బయట వరండాలో కూర్చోబెట్టి, బిడ్డను లోపల బాక్సులో పెట్టి, రోజుకోసారి అద్దంలోంచి చూపించే ఆసుపత్రులు ఇంకా ఉన్నాయి. తల్లి లోపలికి రావడాన్ని వైద్యంలో భాగంగా చూడాలి. అది ఎవరో దయతలచి ఇచ్చే అనుమతి కాదు.

ఇంకా వెనక్కి వెళితే, అసలు నెలలు నిండకముందే కాన్పు ఎందుకవుతోంది? మన దేశంలో 2020లో సుమారు 30 లక్షలమంది పిల్లలు అలా పుట్టారని అంచనా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం గర్భిణుల్లో రక్తహీనత ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సగానికి మించే ఉన్నారు. 20-24 ఏళ్ళ యువతుల్లో పద్దెనిమిది నిండకుండా పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం, తెలంగాణలో 23 శాతానికి పైనే. చిన్నవయసు కాన్పులు, ఎడం లేని కాన్పులు, కనిపెట్టని బి.పి., నెలలు నిండేదాకా తప్పని కూలిపని, ఇవన్నీ ఆ బిడ్డ కంటి దాకా వస్తాయి. కవల పిల్లల సంగతీ చెప్పాలి. సంతానం కోసం వైద్యం చేయించుకున్న వాళ్ళలో కవలలు ఎక్కువ, కవలలు తరచుగా ముందే పుడతారు. లక్షలు తీసుకున్న ఆసుపత్రి ఈ ముక్క ముందే చెప్పాలి కదా?

పరీక్ష ఎవరికి చేయాలి? అమెరికాలో 1500 గ్రాముల లోపు, లేదా 30 వారాల లోపు పుట్టినవాళ్ళకు చేస్తారు. మన దగ్గర అంతకంటే పెద్ద పిల్లలకు కూడా ఈ జబ్బు వస్తోంది కాబట్టి ఇక్కడి హద్దు వేరు: బరువు రెండు కిలోల లోపు, లేదా 34 వారాల లోపు. 34-36 వారాల మధ్య పుట్టినా జబ్బుపడి ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళకూ చేయాలి. పుట్టిన 30 రోజుల్లోగా మొదటి పరీక్ష జరగాలి. 28 వారాల లోపు, లేదా 1200 గ్రాముల లోపు పుడితే రెండు మూడు వారాలకే. కంట్లో చుక్కలు వేసి, పాప విప్పారాక దీపంతో చూస్తారు. బిడ్డ ఏడుస్తుంది, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఒక్కసారితో సరిపోదు, నాళాలు పూర్తిగా పెరిగేదాకా వారం, రెండు వారాలకోసారి రమ్మంటారు. చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. వైద్యం కావాలంటే మాత్రం రెండు మూడు రోజుల్లో లేజర్ చేయాలి, లేదా కంట్లో ఇంజక్షన్ ఇవ్వాలి. పైకి ఏమీ కనిపించదు. కంటిపాప తెల్లగా మెరుస్తోందని అమ్మమ్మ గుర్తుపట్టేసరికి కాలం మించిపోయి ఉంటుంది.

ఇక ఆ ముప్పై రోజులు ఎప్పుడొస్తాయో ఆలోచించండి. తల్లి బాలింత. గడప దాటనివ్వరు, బిడ్డకు గాలి సోకనివ్వరు. తొలి కాన్పయితే ఆమె పుట్టింట్లో ఉంటుంది, ఆసుపత్రి రిజిస్టర్లో అత్తింటి చిరునామా, భర్త ఫోన్ నంబరు ఉంటాయి. ఫోన్ వచ్చినా ఆమెకు చేరదు. చేరినా, వంద కిలోమీటర్లు పోవాలంటే నిర్ణయం ఆమె చేతిలో లేదు. ఆడపిల్ల అయితే ఆ నిర్ణయం ఇంకా ఆలస్యమవుతుంది. తీరా చూపు పోయాక నింద మాత్రం తల్లికే: గ్రహణంలో బయటికి వచ్చిందనీ, తినరానిది తిన్నదనీ. మూఢనమ్మకాలని మనం కొట్టిపారేస్తే సరిపోదు, ఆ ఇంట్లో కూర్చుని ఆక్సిజన్ సంగతి చెప్పాలి.

న్యాయస్థానం ఏమన్నదో తెలుసుకోవాలి. 1996లో చెన్నైలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో 29వ వారంలో, 1250 గ్రాముల బరువుతో ఒక ఆడపిల్ల పుట్టింది. దాదాపు 25 రోజులు అక్కడే ఉంది. కళ్ళు ఎవరూ పరీక్షించలేదు, పరీక్షించుకోమని చెప్పలేదు. జబ్బు సంగతి బయటపడేసరికి నాలుగు నెలలు దాటాయి, చూపు పోయింది. సుప్రీంకోర్టు 2015 జులై 1న దీన్ని వైద్య నిర్లక్ష్యంగా తేల్చి, మొత్తం సుమారు కోటీ ఎనభై లక్షల రూపాయల పరిహారం ఇమ్మన్నది. పుట్టిన పంతొమ్మిదేళ్ళకు వచ్చిన తీర్పు అది. పరీక్ష గురించి తల్లిదండ్రులకు చెప్పడం వైద్యుల బాధ్యత అని ఏ డాక్టరుతోనైనా చెప్పడానికి ఈ తీర్పు మనకు ఆధారం.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఈ జబ్బును చేర్చారు. పరీక్ష, వైద్యం ఉచితం. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్ సుభద్రా జలాలి ఏళ్ళ తరబడి ఈ పని చేశారు. కర్ణాటకలో 2008 నుంచి శిక్షణ పొందిన టెక్నీషియన్లే కెమెరాతో జిల్లా ఆసుపత్రులకు వెళ్ళి, పిల్లల కళ్ళ ఫోటోలు బెంగుళూరులోని డాక్టర్లకు పంపుతున్నారు. కంటి డాక్టరు లేడన్న సాకు అక్కడ చెల్లలేదు.

మీరు చేయగలిగింది ఇది. బాక్సులో ఉండి వచ్చిన బిడ్డ ఉన్న ఇంటికి వెళ్ళినప్పుడు డిశ్చార్జి కాగితం అడగండి. బరువు, వారాలు, కంటి పరీక్ష తేదీ ఉన్నాయా చూడండి. లేకపోతే ఆశా కార్యకర్తను కలుపుకుని ఆసుపత్రికి ఫోన్ చేయించండి. ఆమె 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆ ఇంటికి రావాలి. 21వ రోజునే ప్రయాణం సంగతి మాట్లాడితే 28కి ఆటో, ఛార్జీలు, తోడు వచ్చే మనిషి సిద్ధమవుతారు. రిజిస్టర్లో పుట్టింటి ఫోన్ నంబరు కూడా రాయించండి. లేజర్ అయిన పిల్లలకు తర్వాత దగ్గరి చూపు, మెల్లకన్ను వచ్చే అవకాశం ఎక్కువ. ఇంజక్షన్ ఇచ్చినవాళ్ళకు జబ్బు తిరగబెట్టవచ్చు. చేసేశాం కదా అని ఆ కాగితాన్ని పెట్టెలో పడేయవద్దని, మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారో దాని మీద రాయించుకోమని తల్లికి చెప్పండి.