మంచుకొండ బూటుకు ఎలాస్టిక్ పట్టీ

మంచు పడు దేశములలో శీతకాలము వచ్చినదనగా కొండలెక్కువారి వేషమే మారిపోవును. పాదములకు పొడవైన సన్నని పలకలు తగిలించుకొని మంచుపై జారుచు తిరుగుట అచ్చటివారికి ఒకప్పుడు జీవనావసరము. నేడది వినోదము, క్రీడ కూడ. ఆ పలకలనే స్కీలందురు. స్కీలపై కొండ దిగువారిని చలనచిత్రములలో పలువురు చూచియే యుందురు. వారిలో తీగబండిపై శిఖరము చేరి దిగివచ్చువారు ఒక తెగ. తమ కాళ్ళతోనే కొండ యెక్కి, పిమ్మట దిగువారు ఇంకొక తెగ. ఈ రెండవ పద్ధతికి స్కీ టూరింగు అని పేరు. ఫ్రాన్సులోని షమోనీ నుండి స్విట్జర్లండులోని జెర్మాట్ వరకు హిమానీనదములమీదుగా పోవు దారి ఇట్టి యాత్రలకు ప్రసిద్ధి. మన దేశమున కాశ్మీరములోని గుల్‌మార్గు చుట్టుపట్ల కొండలలోను ఈ యాత్రికులు కనబడుదురు. దీనికి పోటీరూపమైన క్రీడను 2026 శీతకాల ఒలింపిక్ క్రీడల పట్టికలో చేర్చుటకు 2021లో నిర్ణయము జరిగినది.

నేటి ప్రసంగమునకు విషయము ఆ యాత్ర కాదు; ఆ యాత్రికుని బూటుపై నుండు ఒక పట్టీ. రెండంగుళముల వెడల్పైన పట్టీని గూర్చి చెప్పుటకేమున్నదని తోచవచ్చును. కాని జనసంచారము లేని కొండవాలున, అలసిన కాళ్ళతో దిగువానికి ఆ పట్టీ సరిగా పనిచేయుటయా, చేయకుండుటయా అనునది అల్పవిషయము కాదు. అచ్చట పడి కాలు విరిగినచో సహాయము వచ్చుటకు గంటలు పట్టును.

మొదట ఆ బూటు స్వరూపము తెలిసికొందము. కొండ యెక్కునప్పుడు యాత్రికుడు స్కీల అడుగున బొచ్చుగల పట్టలను అంటించుకొనును. ఒకప్పుడు సీలు అను సముద్రజంతువు చర్మమును వాడెడివారు. ఇప్పుడు మేకబొచ్చుతోను, నైలానుతోను చేసిన పట్టలు వచ్చినవి. ఆ బొచ్చు స్కీని ముందునకు జారనిచ్చును, వెనుకకు జారనీయదు. ఎక్కునంతసేపు బూటు ముందుకొన మాత్రమే స్కీకి బిగించియుండును. మడమ స్వేచ్ఛగా లేచుచుండును. శిఖరము చేరిన పిమ్మట పట్టలను ఊడదీసి, మడమను కూడ బంధించి, దిగుటకు ప్రారంభింతురు.

కావున ఈ బూటు పరస్పర విరుద్ధములైన రెండు పనులు చేయవలెను. ఎక్కునప్పుడు చీలమండ ముందునకును వెనుకకును సులభముగా ఆడవలెను. దిగునప్పుడు కాలు, బూటు, స్కీ మూడును ఒకే వస్తువువలె నడుచుకొనవలెను. అందుకొరకు బూటును రెండు పొరలుగా చేసిరి. వెలుపల గట్టి ప్లాస్టిక్ డొప్ప; లోపల మెత్తని జోడు. ఆ లోపలి జోడుకు సామాన్యమైన బూటుకున్నట్లే ముందువైపు ఒక నాలుక యుండును. డొప్ప పైభాగము చీలమండవద్ద కీలుపై తిరుగును. వెనుకనున్న మీటను ఒకవైపునకు వేసినచో ఆ కీలు వదులగును. రెండవవైపునకు వేసినచో బిగియును. డొప్పను మూయుటకు లోహపు కొక్కెములుండును. అన్నిటికన్న పైన, పిక్కచుట్టును ఒక పట్టీ యుండును. దానినే పవర్ స్ట్రాపు, అనగా బలపు పట్టీ యందురు.

కాలిని స్కీకి కట్టుట అను సమస్య పాతది. నార్వే దేశమున టెలిమార్క్ ప్రాంతపు మోర్గెదాల్ గ్రామములో సోంద్రె నోర్హైమ్ అను నతడుండెను. 1825లో పుట్టి 1897లో మరణించిన ఇతడు చెట్టు వేళ్ళను పురిపెట్టి, మడమ చుట్టు త్రిప్పి కట్టి స్కీలు తొడిగెను. ఆ కట్టు కాలిని వదలదు. కాని కాలితోపాటు కొంత సాగును. 1868లో, నేడు ఆస్లో అనబడు క్రిస్టియానియా నగరమున జరిగిన పోటీలో అతని నేర్పును చూచి జనులు ఆశ్చర్యపడిరి. కట్టు గట్టిగా నుండవలెను, అయినను కొంత సాగవలెను అను సూత్రము అప్పటికే అనుభవములో నున్నదన్నమాట.

తరువాత చిరకాలము తోలుబూట్లే వాడుకలో నుండెను. 1960 తరువాతి దశకమున అమెరికాలో బాబ్ లాంగె ప్లాస్టిక్ బూట్లను ప్రచారములోనికి తెచ్చెను. స్కీపై అదుపు పెరిగెను. తోలులో నుండిన మెత్తదనము మాత్రము పోయెను. 1980 తరువాతి దశకమున ఆస్ట్రియా దేశీయుడు ఫ్రిట్జ్ బార్టెల్, బూటు ముందుకొనను రెండు చిన్న మొనల నడుమ పట్టియుంచు తేలికైన సాధనమును కనిపెట్టెను. దానితో కొండ యెక్కువారి కాలిబరువు చాల తగ్గెను. బూట్లు కూడ క్రమముగా తేలికపడినవి.

ఇక పట్టీ సంగతి. బూటుతోపాటు వచ్చు పట్టీ సాధారణముగా సాగని నేత పట్టీ. దాని కొనలు వెల్క్రోతో అంటుకొనును. స్విట్జర్లండు ఇంజనీరు జార్జి ద మెస్ట్రల్ తన కుక్క వెండ్రుకలకు తగులుకొన్న ముళ్ళకాయలను సూక్ష్మదర్శినితో పరిశీలించి, వాని కొక్కెముల తీరును అనుకరించి చేసినదే ఈ వెల్క్రో. 1955లో దానికి పేటెంటు లభించెను. అది ఉపయోగకరమైన వస్తువే. కాని ఆ చిన్న కొక్కెములలో మంచు చేరి గడ్డకట్టినచో పట్టు తప్పును. అంతకన్న పెద్ద లోపము ఇంకొకటి కలదు. ఈ పట్టీ ప్లాస్టిక్ డొప్పకు వెలుపలనుండి చుట్టుకొనును. ఎంత లాగి కట్టినను అది డొప్ప అంచులను దగ్గరకు చేర్చునే గాని కాలిని నేరుగా పట్టదు.

స్కీలపై దిగువాడు ముందునకు వాలి యుండవలెను. అతని మోకాలి దిగువనున్న ముందరి ఎముక బూటు నాలుకను ఒత్తును. ఆ ఒత్తిడి డొప్పద్వారా స్కీ ముందుభాగమును చేరును. మలుపు తిరుగుటకు ఆ ఒత్తిడియే ఆధారము. కాలికి, నాలుకకు నడుమ చిన్న సందున్నదనుకొనుడు. గతుకు వచ్చినప్పుడు కాలు ఆ సందులో వెనుకకు పోయి, మరల వచ్చి గట్టి డొప్పకు తగులును. ఒకసారి తగిలినచో బాధ లేదు. దిగువరకు వందలసార్లు తగిలినచో ఎముకపై చర్మము కమిలిపోవును. నొప్పికి జంకినవాడు వెనుకకు వాలును. వెనుకకు వాలినవాని స్కీలు అతని మాట వినవు. ప్రమాదములు ఇట్లే వచ్చును.

ఎలాస్టిక్ పట్టీ ఈ సందును తీసివేయును. అది డొప్పకు వెలుపల గాక లోపల, మెత్తని జోడు నాలుకను ఆనుకొని చుట్టుకొనును. కాలు వెనుకకు కదలినప్పుడు పట్టీ ముడుచుకొని నాలుకను కాలివెంటనే తెచ్చును. కాలు ముందునకు వాలినప్పుడు సాగుచు, సాగినకొలది ఎక్కువగా అడ్డుపడును. సాగుదల హెచ్చినకొలది ఎదురుబలము హెచ్చునను నియమమును ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ 1678లోనే ప్రకటించెను. రబ్బరు ఆ నియమమును తుచ తప్పక పాటించదు. అయినను కొద్ది సాగుదలలో దాని ప్రవర్తన అట్టిదే. కావడి మోయువానికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. వెదురుబద్ద అడుగడుగునకు వంగి లేచుటచేతనే అతని భుజము నిలుచుచున్నది. వంగని ఇనుపకడ్డీకి అదే బరువు తగిలించినచో నాలుగడుగులలో భుజము కమిలిపోవును.

రబ్బరు చలికి గట్టిపడి ఎండకు జిగురుగా మారుట పూర్వము పెద్ద ఇబ్బంది. గంధకముతో కాచి ఆ దోషమును పోగొట్టు పద్ధతికి చార్లెస్ గుడియర్ 1844లో అమెరికాలో పేటెంటు పొందెను. అట్లు కానిచో మంచుకొండలపై ఎలాస్టిక్ మాటయే యుండెడిది కాదు. నేటి పట్టీలు ఒకటి, రెండు, మూడు పొరల ఎలాస్టిక్‌తో, భిన్నమైన గట్టితనములతో దొరకును. కొత్తవాడు, తేలికైన శరీరము గలవాడు మెత్తనిదానిని ఎన్నుకొనుట మేలు. బలిష్ఠుడై వేగముగా దిగువానికి గట్టిది తగును.

బూటుకు దీనిని అమర్చు విధానము కష్టమైనది కాదు, కాని తొందరపనికిరాదు. ప్లాస్టిక్‌కు పెట్టిన రంధ్రము మరల పూడదు. కావున మొదట పాత పట్టీ నుండగనే క్రొత్తదానిని ఊరక చుట్టి, బూటు తొడిగికొని, మోకాళ్ళు వంచి చూడవలెను. పట్టీ పూర్తిగా నాలుకపై ఆనవలెను. నాలుక అంచును దాటి కాలిచర్మమునకు తగులరాదు. దాని కొక్కెము కాలి వెలుపలివైపునకు రావలెను. లోపలివైపునకు వచ్చినచో రెండు బూట్ల కొక్కెములు ఒకదానినొకటి పట్టుకొని మనిషిని పడవేయును.

తరువాత లోపలి జోడును బూటునుండి తీసివేయవలెను. పాత పట్టీ వెనుకవైపున మరమేకులతో బిగించియున్నచో పని సులభము. వానిని విప్పిన చాలును. రివెట్లతో బిగించియున్నచో రివెట్టు తలను మాత్రము సన్నని బరమాతో తొలిచి, మిగిలిన కాడను మేకుతో తట్టి తీయవలెను. రంధ్రము పెద్దది కాకుండ చూచుకొనవలెను. సాధ్యమైనంతవరకు పాత రంధ్రములనే వాడుట ఉత్తమము. క్రొత్తది తప్పనిసరియైనచో వెనుకనున్న మీటకును, దాని కడ్డీకిని దూరముగా పెట్టవలెను. ఆ భాగము చెడినచో బూటు ఎక్కుటకును పనికిరాదు, దిగుటకును పనికిరాదు.

క్రొత్త పట్టీలో వెనుకకు వచ్చు సాగని భాగముననే రంధ్రముండవలెను. ఎలాస్టిక్ భాగమును ఎన్నడును పొడువరాదు. ఒక రబ్బరుపోగు తెగినచో చీలిక పెరుగుచు పోవును. నేతభాగమున రంధ్రము చేయుటకు కాల్చిన దబ్బనము మంచిది. అంచు కరగి అతుకుకొని పోగులు లేవవు. మరమేకు బిగించునప్పుడు చదునైన నున్నని తల లోపలివైపుననుండవలెను. లేనిచో అది లోపలి జోడును కొరికి, పిక్కకు గుచ్చుకొనును. పట్టీకి, నట్టుకు నడుమ ఒక వాషరు వేయవలెను. మర వదులు కాకుండ దానికొరకు అమ్ము జిగురును ఒక చుక్క వేయుట మంచిది. తొలిచినప్పుడు రాలిన ప్లాస్టిక్ పొట్టును పూర్తిగా దులిపి, అప్పుడే జోడును లోపల పెట్టవలెను. కొన్ని బూట్లలో ముందువైపు వేరొక ప్లాస్టిక్ నాలుక యుండును. పట్టీ దాని క్రిందనుండియే పోవలెను. డొప్ప వెలుపలనుండి చుట్టినచో ఎలాస్టిక్‌కు పెట్టిన ఖర్చులో సగము వృథా.

కట్టు క్రమము కూడ తెలిసికొనవలెను. కొండ యెక్కునప్పుడు ఈ పట్టీని వదులు చేసి యుంచవలెను. బిగించియే నడచినచో ప్రతి అడుగునకు కాలు దానితో పెనుగులాడవలసి వచ్చును. శిఖరమున మొదట మడమను బూటు వెనుకకు చేరునట్లు నేలకు తట్టవలెను. పిమ్మట పాదముపైనున్న కొక్కెము, తరువాత పట్టీ, చివరకు డొప్ప పైకొక్కెము. పట్టీ లోపల నుండునది గనుక డొప్ప మూయకముందే దానిని బిగించవలెను. మీటను దిగు స్థానమునకు వేయుట మరువరాదు.

ఇంతగా చెప్పినను ఈ పట్టీ అందరికి అవసరమని చెప్పను. వేయి మీటర్ల కొండకు అడుగునకు ఇరువది సెంటీమీటర్ల చొప్పున ఎక్కినచో అయిదువేల అడుగులు పడును. అనగా ఒక్కొక్క కాలు రెండువేల అయిదువందల మారులు ముందునకు సాగవలెను. బూటుకు నూరు గ్రాములు చేర్చినచో ఆ కాలు అన్నిమారులును ఆ నూరు గ్రాములను మోయును. దిగుటకన్న ఎక్కుటయే ముఖ్యమనుకొనువాడు, మిక్కిలి తేలికైన బూటు వాడువాడు పాత సన్నపట్టీతోనే తృప్తిపడవచ్చును. పలుచని డొప్పకు గట్టి పట్టీ వేసినను డొప్ప గట్టిపడదు. అన్నిటికన్న ముఖ్యముగా, కాలికన్న పెద్దదైన బూటును ఏ పట్టీయు చిన్నది చేయజాలదు. అట్టివాడు పట్టీకొరకు గాక సరియైన బూటుకొరకు అంగడికి పోవలెను.

ఎలాస్టిక్ శాశ్వతమైనది కాదు. ఎండ, చెమట, కాలము దాని సాగుదలను తగ్గించును. ప్రతి సంవత్సరము తొలిమంచుకు ముందు పట్టీని చేతులతో లాగి చూడవలెను. లాగినది వెంటనే తిరిగి రానిచో, అంచున పోగులు లేచియున్నచో దానిని మార్చివేయవలెను. మర బిగువును కూడ అప్పుడే చూడవలెను. తాటిచెట్టెక్కువాడు ప్రతిదినము చెట్టు మొదట నిలిచి మోకును తడవి చూచుకొనును. నిన్న బాగుగనే యున్నదని నేడు మానడు. శిఖరముపై స్కీ యాత్రికుడు చేయవలసిన పనియు అట్టిదే. క్రింద లోయలోని ఇండ్లు చిన్నవిగా కనబడుచుండగా, చలికి వ్రేళ్ళు కొంకర్లు పోవుచున్నను, ఒక్క నిమిషము వంగి ఆ పట్టీ నాలుకను ఆనియున్నదా యని చూచుకొన్న తరువాతనే అతడు దిగుటకు సాహసింపవలెను.