చెట్టు కింద అతిథులు

కె.జి.ఎఫ్.లో రాబర్ట్‌సన్‌పేట, మారికుప్పం చర్చిలకు వెళ్లేవాళ్లకు అబ్రాహాము కథ కొత్తకాదు. మండే మధ్యాహ్నం ముగ్గురు బాటసారులు వస్తారు. ముసలాయన పరుగెత్తి ఎదురెళ్తాడు. కాళ్లకు నీళ్లు, చెట్టు నీడ, భోజనం. మన ఊరి మర్యాదే కదా!

ఈ కథను 1656లో రెంబ్రాంట్ అనే డచ్చి చిత్రకారుడు రాగిరేకు మీద గీసి అచ్చువేశాడు. ఆ అతిథులు కుర్చీల్లో లేరు. నేల మీద కూర్చున్నారు, మన అరుగు మీద పెద్దల్లా.

ఆ కూర్చోవడం ఎక్కడిది? మన దేశానిది. అవును, మన దేశానిదే. చెట్టు కింద నలుగురు సూఫీ పెద్దలు కూర్చున్న మొగలు చిత్రం ఒకటుంది. రెంబ్రాంట్ దాన్ని చూసి దించుకున్నాడు. అలాంటివి ఇరవైకి పైగా దించుకున్నాడు. డచ్చి కంపెనీ ఓడలు మచిలీపట్నం నుంచి అద్దకం బట్టలు మోసుకెళ్లిన కాలం అది. ఆ రోజుల్లోనే మొగలు చిత్రాలూ ఆమ్‌స్టర్‌డామ్ చేరాయి. ఆయన మాత్రం ఇటు రాలేదు.

నాకు నచ్చింది మాత్రం అతిథులు కాదు, ఇంటివాళ్లు. అబ్రాహాము కూజా పట్టుకుని, వంగి నిలబడ్డాడు. కొడుకు ఇష్మాయేలు విల్లు పట్టుకుని మనకు వీపు తిప్పేశాడు. పెద్దల మాటలు వాడికెందుకు?

మరి ఆయన భార్య శారా? ఈ వయసులో నీకు కొడుకు పుడతాడన్న మాట విని, లోలోపల నవ్వుకున్న ఇల్లాలు. ఆ బొమ్మ మీ కంటబడితే తలుపు వెనక చీకట్లోకి చూడండి. అక్కడే ఉంది, చెవి ఒగ్గి వింటూ.