సైనికుని విడుదల పత్రము – దోషపరిష్కారము

(అనకాపల్లి వార్షిక మహాసభలోఁ జేసిన యుపన్యాసము)



ఇట్టి సభలలో విద్యాభివృద్ధినిగూర్చియు, వివాహవ్యయములనుగూర్చియు, విద్యార్థివసతిగృహములనుగూర్చియు పెద్దలు ప్రసంగించుట పరిపాటి. నేఁడు మేము మాత్రము మన పల్లెలలో రేకుపెట్టె యడుగున, పెండ్లినాఁటి చీర మడతలలో నుండు నొక చిన్న పుస్తకమునుగూర్చి విన్నవింపఁదలఁచితిమి. అది సైన్యమునుండి విడుదలయైన సిపాయికిచ్చెడి డిశ్చార్జి బుక్కు. మన సంఘీయులలో సైన్యమునఁ బనిచేసి వచ్చినవారు పలువురు గలరు. వారి గృహములకు అన్నము పెట్టుచున్నది ఆ పుస్తకమే. అందలి యొక యక్షరము తప్పినచో ఆ యన్నము నిలిచిపోవును.

ముందుగా దాని స్వరూపమును తెలిసికొందము. సిపాయి సైన్యమునఁ జేరినది మొదలు అతని పేరు, జన్మతిథి, భార్యాపుత్రుల వివరములు, సేవాకాలము అన్నియు షీట్ రోల్ అను మూలపత్రమున నెక్కును. వివాహము జరిగినను, సంతానము కలిగినను దళమువారు పార్ట్ టూ ఆర్డరు అను నుత్తరువును ప్రకటించి దానిని మూలమునఁ జేర్తురు. ఆ మూలము మనయింట నుండదు. మద్రాసు రెజిమెంటువారిది నీలగిరులలోని వెల్లింగ్టనున, మద్రాసు ఇంజనీరు గ్రూపువారిది బెంగళూరున, ఫిరంగిదళమువారిది నాసిక్ రోడ్డున నుండును. పింఛను ఉత్తరువు ప్రయాగరాజునుండి వెలువడును. మనయింటనున్న పుస్తకము బింబము కాదు, ప్రతిబింబము. అద్దములోని మొగమునకు బొట్టు పెట్టిన నసలు మొగమునకు బొట్టు కానేరదు గదా! అట్లే యింటిపుస్తకమును సిరాతో దిద్దుట చెల్లదు సరిగదా, దిద్దినవారికే ముప్పు తెచ్చును. దిద్దుబాటు మూలమున జరుగవలెను.

తప్పులెట్లు పుట్టుచున్నవి? మొదటి కారణము పేరు. మనవారు ఇంటిపేరు ముందును, తమపేరు వెనుకను జెప్పుదురు. ఉత్తరదేశపు గుమాస్తా చివరిమాటయే వంశనామమని తలఁచును. అప్పలస్వామి, పైడితల్లి, సన్యాసమ్మ, నూకాలమ్మ అను మన ప్రాంతపు పేర్లు అతఁ డెన్నఁడును వినియెఱుఁగఁడు. తెలుఁగున హ్రస్వదీర్ఘములకును, ద్విత్వములకును నియతి గలదు, ఆంగ్లలిపిలో లేదు. నూకాలమ్మ అను నొక్కపేరునే ఆ లిపిలో నాలుగువిధముల వ్రాయవచ్చును. పూర్వము బ్యాంకులోని గుమాస్తా మనిషిని జూచి పోల్చుకొనెడివాఁడు. రక్షణశాఖవారు 2021లో ‘స్పర్శ్’ అను పద్ధతిని ప్రవేశపెట్టి, బ్యాంకులద్వారా వచ్చుచుండిన పింఛనులను క్రమముగా నందులోనికి మార్చిరి. యంత్రమునకు మొగము తెలియదు; అక్షరమే తెలియును. పింఛను పత్రమును, ఆధారు కార్డును, పాన్ కార్డును అక్షరాక్షరము సరిపోవలెను.

రెండవ కారణము జన్మతిథి. ఈ విషయమున మేము సభవారియెదుట నొక యపరాధము నొప్పుకొనవలసియున్నది. బిడ్డను బడిలోఁ జేర్చునపుడు ఎప్పుడు పుట్టినాఁడని యడిగిన, తండ్రి ‘గాలివాన వచ్చిన యేఁడు’ అనియో, ‘కొత్తమావాస్య జాతర వెళ్లిన వారము’ అనియో చెప్పెడివాఁడు. పంచాంగము తిరుగవేయుటకు బద్ధకించి, అయిదేండ్లు నిండినట్లు లెక్కగట్టి, జులై 1 అని వ్రాసి పంపితిమి. ఒక్క తరగతిలో సగముమంది బిడ్డలు ఒక్కదినముననే పుట్టిరి! ఆనాఁడు నవ్వుకొంటిమి. ఆ తిథి బడిపుస్తకమునుండి సైన్యమునకును, సైన్యమునుండి పింఛనునకును నడచిపోయినది. మా శిష్యులలో సిపాయిలైనవారు నేఁడు మాయింటికి వచ్చి, ‘మేష్టారూ, మా యమ్మ చెప్పు తిథి వేఱు, కాగితములోని తిథి వేఱు’ అన్నప్పుడు మాకు తలవంపుగా నున్నది.

ఈ చిక్కు సిపాయిలకే కాదు, సేనాధిపతికిని దప్పలేదు. 2010 మొదలు 2012 వఱకు భారత సేనాధిపతిగానుండిన జనరల్ విజయ్ కుమార్ సింగ్ గారి జన్మదినము మే 10. ఆ సంవత్సరమే వివాదాస్పదమైనది. జాతీయ రక్షణ విద్యాలయమునఁ జేరుటకు నింపిన దరఖాస్తులో 1950 అనియు, మెట్రిక్యులేషను పత్రమున 1951 అనియు నుండెను. సైన్యముననే యొకశాఖ మొదటిదానిని, మఱియొకశాఖ రెండవదానిని దశాబ్దములు పాటించినవి. తుదకు వారు 2012 జనవరిలో సుప్రీముకోర్టు నాశ్రయించి, ఫిబ్రవరి 10న అర్జీని ఉపసంహరించుకొని, 1950 లెక్కచొప్పుననే మే 31న పదవీవిరమణము చేసిరి. అంతటివారికే కాలము మించినపిమ్మట దిద్దుబాటు కుదరకపోయెను. మన బెల్లపు మార్కెట్టులో రైతు దిమ్మలు తూచునపుడే కాటాదగ్గఱ నిలువఁబడును. బండి కదలిపోయినపిదప తూకము తప్పనిన వినువాఁడెవఁడు?

మేము కన్నులారఁ జూచిన యొక్క యుదంతమును మనవిచేసెదము. మన పరిసరగ్రామమున నొక మాజీ సైనికుఁడు కాలధర్మము నొందెను. ఆయన చేరినకాలమున భార్యపేరేమని గుమాస్తా యడుగఁగా, ఇంటిలోఁ బిలుచుపేరు చిట్టెమ్మ యని చెప్పినాఁడఁట. ఆమె యసలుపేరు మన యమ్మవారి పేరే. వయస్సును గూడ ఉజ్జాయింపుగా నాఱేండ్లు తక్కువ వ్రాయించెను. భర్త పోయిన పిమ్మట చిట్టెమ్మ యెవరని ప్రశ్న వచ్చినది. పదునాలుగు నెలలు కుటుంబపింఛను రాలేదు. ఆ ముసలమ్మ గొలుసు తాకట్టుపెట్టి బియ్యము కొన్నది. రెండుపేర్లును ఒక్కరివే యని ప్రమాణపత్రము వ్రాయించి, గ్రామాధికారుల ధ్రువీకరణము చేర్చి, మేము మూఁడుమాఱులు అర్జీ వ్రాసితిమి. తుదకు పింఛను కాగితములతోడి దంపతుల ఛాయాచిత్రమే యామెను గాపాడినది. పేరు దిద్దఁబడినది, వయస్సు దిద్దుబాటు కాలేదు. కుటుంబపింఛను పొందువారికి 80 ఏండ్లు నిండినచో నూటికి 20 వంతులు, 85 నిండినచో 30, 90 నిండినచో 40 వంతులు అదనముగా నిచ్చు నియమము గలదు. ఎనుబది నిండిన యామెకు కాగితముమీఁద డెబ్బదినాలుగే. మాతో నామె యన్నమాట మఱవరాదు: ‘మేష్టారూ, ఆయన బతికున్నప్పుడు ఈ ముక్క ఎవులైనా సెప్పినా బాగున్ను కదండి!’

మా యుపన్యాససారమంతయు నామాటలోనే యున్నది. జీవించియున్న సైనికుఁడు ఒక్క సంతకముతో సాధింపఁగలదానిని, వితంతువు పదిమంది సాక్షులతోను సాధింపలేదు.

ఇఁక మార్గము. సైనికుఁడు డిశ్చార్జి బుక్కును, పింఛను ఉత్తరువును, తనదియు భార్యదియు ఆధారు కార్డులను, బ్యాంకు పుస్తకమును ఒక్కచోఁ బఱచి సరిచూడవలెను. పాతకాగితములలో విశాఖపట్టణము జిల్లా యనియుండుట తప్పు కాదు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా యేర్పడువఱకు మన మాజిల్లావారమే. నిజమైన తప్పు కనఁబడినచో, ప్రమాణపత్రమును, ఆధారములను జేర్చి, తన సర్వీసు నంబరు, హోదా, దళము స్పష్టముగా వ్రాసి, జిల్లా సైనికసంక్షేమ కార్యాలయముద్వారా తన రికార్డు ఆఫీసునకు అర్జీ పంపవలెను. పంపినదాని ప్రతియు, అందినట్లు రసీదును దాఁచవలెను. దిద్దుబాటు కారిజెండం అను సవరణపు ఉత్తరువుగా వచ్చును. అది వచ్చుదాఁక పని ముగిసినట్లు కాదు. న్యాయము జరుగనిచో, 2007 నాఁటి చట్టముచే నేర్పడి 2009 నుండి పనిచేయుచున్న సాయుధదళముల ట్రిబ్యునలు గలదు. ఐతే సైనికుని స్వంతజన్మతిథిని చాలకాలము గడచినపిదప మార్చుటకు న్యాయస్థానములు సామాన్యముగా నొప్పుకొనవు. కావున యువకులు సేవలోఁ జేరునపుడే జాగ్రత్తపడవలెను.

మూలము దూరమున భద్రముగానున్నదని నిశ్చింతగానుండుటయు తగదు. అమెరికాదేశమున సెయింట్ లూయీ నగరమందలి సైనికపత్రాగారము 1973 జులై 12న అంటుకొని, 1 కోటి 60 లక్షలకుఁ బైగా సైనికుల పత్రములు భస్మమైనవి. అట్టివేళ నింటనున్న ప్రతియే దిక్కు.

సంఘపోషకులకు మాదొక్క ప్రార్థన. మీరు సత్రములు కట్టించితిరి, విద్యార్థులకు వేతనము లిచ్చితిరి. ఇది అంత వ్యయము కోరదు. ఏఁట నొక్కదినము మన మాజీ సైనికులను, వారి భార్యలను రప్పించి, చదువుకొన్న యువకులచే వారి పత్రములు సరిచూపించి, ప్రతులు తీయించి, అర్జీలు వ్రాయింపుఁడు. వ్రాఁతకు మేము కూర్చుందుము. బడిపుస్తకమున జులై 1 అని వ్రాసిన చేతికి అది తగిన ప్రాయశ్చిత్తము.