తీగ కింద చెట్టు
(బెంగళూరులోని ఒక వార్డు సభలో తెలుగు నివాసుల కోసం చేసిన ప్రసంగ పాఠం)



బెంగళూరు వీధుల్లో ఏటా వేసవిలో ఒకే తగవు తలెత్తుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంకాలపు గాలివానకు తురాయి కొమ్మ విరిగి కరెంటు తీగపై పడుతుంది. వీధి చీకటవుతుంది. తెల్లవారగానే ఒకరు "ఆ చెట్టును కొట్టించేయండి" అంటారు. ఎదురింటివారు "ఉన్న ఒక్క నీడా తీసేస్తారా?" అని అడ్డుపడతారు. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. ఆ రెండు న్యాయాలకు సంధి కుదిర్చే విద్యయే కొమ్మల కత్తిరింపు.

ఈ నగరంలో తీగకు, చెట్టుకు పొరుగు పాతది. శివనసముద్రం వద్ద కావేరి జలపాతం నుండి 1902లో పుట్టిన విద్యుత్తు తొలుత కోలారు బంగారు గనులకు చేరింది. 1905లో బెంగళూరు వీధిదీపాలను వెలిగించింది. తరువాతి దశాబ్దాలలో లాల్‌బాగ్ బాధ్యత వహించిన జర్మన్ ఉద్యాన నిపుణుడు క్రుంబిగల్, ఒక చెట్టు పూత ముగిసేసరికి మరొకటి పూచేటట్లు వీధి చెట్లను ఎంపిక చేశాడు. చెట్టు ఎదిగింది, తీగలు పెరిగాయి, వీధి మాత్రం ఇరుకైనది. తగవుకు మూలమిదే.

కత్తిరింపు అంటే తల నరకడం కాదు. పైభాగాన్ని మొత్తం కొట్టివేస్తే చెట్టు ఆహారం తయారుచేసుకునే ఆకులను ఒక్కసారిగా కోల్పోతుంది. ఆ ఆపదకు బదులుగా మొండెం నుండి గుత్తులు గుత్తులుగా చిగుళ్లు వేస్తుంది. అవి వేగంగా పెరిగి మళ్లీ తీగను తాకుతాయి. పైపైన అతుక్కున్నవి కనుక చిన్న గాలికే విరుగుతాయి. భద్రత కోసం చేసిన పని మరికొద్ది కాలానికే కొత్త ప్రమాదమవుతుంది.

సరైన పద్ధతి వేరు. తీగ వైపు సాగే కొమ్మను గుర్తించి, దాని మొదలు వరకు వెళ్లి తీసివేయాలి. ఇతర దిశలలో పెరిగే కొమ్మలను ఉండనివ్వాలి. కొమ్మ కాండాన్ని కలిసేచోట ఉబ్బెత్తుగా ఒక వలయం ఉంటుంది. గాయాన్ని మూసే శక్తి అక్కడే ఉంది కనుక కోత దానికి వెలుపల పడాలి. బరువైన కొమ్మకు మూడు కోతలు అవసరం: మొదటిది అడుగు నుండి సగం లోతు, రెండవది దానికి కాస్త వెలుపల పైనుండి, మూడవది మిగిలిన మొండిని వలయం దగ్గర. అడుగు కోత లేకపోతే పడే కొమ్మ కాండం బెరడును చీల్చుకుపోతుంది. గాయానికి తారు, రంగు పూయనక్కరలేదు. చెట్టు తన గాయాన్ని తానే లోపలి నుండి వేరుపరచుకుంటుంది. గూళ్లలో పిల్లలుంటే, ప్రమాదం తక్షణం కానప్పుడు, కొన్ని వారాలు ఆగడం ధర్మం.

ఇక అసలు హెచ్చరిక. ఇంటికి వచ్చే విద్యుత్తు 230 వోల్టులు. వీధిలో పైన సాగే తీగలలో కొన్నిటిలో ప్రవహించేది 11,000 వోల్టులు. దానిని ముట్టనక్కరలేదు, చాలినంత దగ్గరకు వెళితే చాలు, గాలిని దాటి దూకుతుంది. పచ్చికొమ్మ, తడి వెదురు, ఇనుప నిచ్చెన మూడూ దానికి దారులే. మామిడికాయ కోసే దోటితో మేడపై నుండి కొమ్మ లాగినవారు తమ ప్రాణాన్ని పందెం వేసినట్లే. తెగిపడిన తీగ మెరవకపోయినా, చప్పుడు చేయకపోయినా చచ్చినదని అనుకోరాదు. దాని చుట్టుపక్కలకు పిల్లలను పోనీయక, వెంటనే 1912కు ఫోను చేయాలి.

సరఫరా ఆపినంత మాత్రాన లైన్‌మన్‌కు భయం తీరదు. సరైన మార్పిడి స్విచ్చి లేని జనరేటరును ఒక ఇంటివారు నడిపితే, ఆ విద్యుత్తు వెనుకకు ప్రవహించి ఆగిన తీగకు ప్రాణం పోస్తుంది. చెట్టుపై ఉన్న మనిషి ప్రాణం అప్పుడు కింది ఇంటి స్విచ్చిపై ఆధారపడి ఉంటుంది.

కర్ణాటకలో 1976 నాటి వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం ట్రీ ఆఫీసరు అనుమతి లేనిదే చెట్టును కొట్టరాదు. తమ ఇంటి ముందున్నదైనా వీధి చెట్టు సొంత చెట్టు కాదు. తీగను తాకుతున్న కొమ్మ సంగతి విద్యుత్ కార్యాలయానికి, ఎండిన లేదా ఒరిగిన చెట్టు సంగతి నగరపాలక అటవీ విభాగానికి తెలియజేయాలి. కన్నడం రాదని వెనుకాడనక్కరలేదు. తెలుగు మాను అక్కడ 'మర', కొమ్మ 'కొంబె', తీగ 'తంతి'. వీధి పేరు, స్తంభం సంఖ్య, ఈ మూడు మాటలు చెబితే పని మొదలవుతుంది.

కొత్తగా నాటేవారు ముందు తలెత్తి చూడాలి. పైన తీగ ఉన్నచోట నిద్రగన్నేరు, తురాయి వంటి మహావృక్షాలు తగవు. పారిజాతం, నందివర్ధనం వంటి పొట్టి జాతులు తీగను చేరవు. తీగ లేని వైపు కానుగకు, వేపకు చోటివ్వవచ్చు. కాండం చుట్టూ సిమెంటు పోయకుండా మట్టిని వదిలితే వేరు గట్టిపడి గాలివానకు నిలుస్తుంది.

దీపం వెలగాలి, నీడ నిలవాలి, చెట్టెక్కినవాడు క్షేమంగా దిగి ఇల్లు చేరాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ వీధి బాగుపడినట్లు కాదు. వర్షాలకు ముందే ప్రతి కుటుంబం తన గుమ్మం ముందున్న కొమ్మను ఒకసారి పరికించి, అవసరమైతే సకాలంలో తెలియజేయవలసిందిగా ప్రార్థన.