చెక్కిన అక్షరం చెరగదు

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇలా కలుసుకుంటాం. 1982లో అదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు పింఛను దయాధర్మం కాదు, హక్కు అని తేల్చి చెప్పింది. దాని గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడున్నారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు, “మనవడితో కలిసి ఏదో లేజరు మిషను వేసుకుని ఊళ్లు తిరుగుతున్నారట, ఆ సంగతులు చెప్పండి” అన్నారు. చెబుతాను.

నేను 1973లో తాలూకా కచేరీలో ఎల్.డి.సి.గా చేరి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. 36 ఏళ్లు రాసిందే రాశాను. 2024లో నా కమ్యుటేషన్‌కు 15 ఏళ్లూ నిండి, పూర్తి పింఛను మళ్లీ చేతికొచ్చింది. సరిగ్గా అప్పుడే మనవడు, “తాతయ్యా, మిషను కొనుక్కుంటాను, కాస్త సర్దుతావా?” అన్నాడు. బ్యాంకులో ఉన్న రెండు డిపాజిట్లలో ఒకటి తీసి ఇచ్చాను. రెండోది మీ బామ్మ మందులకని ముందే చెప్పాను. పిల్లలకు ఇవ్వండి, కానీ పళ్లెం తుడిచి ఇవ్వకండి. ఇది నా మొదటి మనవి.

మన చిన్నప్పుడు ఇత్తడి బిందె మీద సన్నటి ఉలితో చుక్కలు పెట్టి పేరు కొట్టేవారు. తర్వాత స్టీలు కొట్టు ముందు జుయ్యిమని మోగే కరెంటు కలంతో ఒకాయన కూర్చునేవాడు. పెళ్లి చదివింపుల గిన్నెల మీద ఇచ్చినవారి పేరు, తేదీ వేయించేవాళ్లం. మావాడి మిషను చేసేదీ ఆ పనే. ఉలి బదులు వెలుగు, అంతే తేడా.

లేజరును 1960లో అమెరికాలో మైమన్ అనే ఆయన మొదటిసారి వెలిగించి చూపించారు. కర్ర, అట్ట, తోలు కోసే కార్బన్ డయాక్సైడ్ లేజరును 1964లో కనిపెట్టింది మన బారామతిలో పుట్టిన పటేల్‌గారు. అందులో గాజు గొట్టం, దాన్ని చల్లబరచడానికి నీళ్లు ఉంటాయి. గతుకుల రోడ్డు మీద గొట్టం పగలవచ్చు, అద్దాల గురి తప్పవచ్చు. అందుకని మేము ఊళ్లకు తీసుకెళ్లేది స్టీలు మీద రాసే ఫైబర్ లేజరు. దాని కిరణం కంటికి కనిపించదు. లోపల రెండు చిన్న అద్దాలు గిర్రున కదిలి ఆ కిరణాన్ని అక్షరాల వెంట నడిపిస్తాయి. గ్లాసు మీద చిన్న పేరు వేయడానికి ఒక నిమిషం చాలు.

పని నిమిషమే గాని తయారీ పూటంతా. సంక్రాంతి సంబరాలకో, కాలేజీ వేడుకలకో, ఎగ్జిబిషన్‌కో వెళ్తే ముందు బల్ల కదలకుండా కాళ్ల కింద చెక్కముక్కలు పెట్టాలి. మిషనుకూ గ్లాసుకూ మధ్య దూరం కొద్దిగా మారినా అక్షరం మసకబారుతుంది. షామియానాలో కరెంటు ఎక్కువా తక్కువా అవుతుంటుంది గనుక స్టెబిలైజరు ఉండాలి. పొగ లాగే ఫ్యాను ఉండాలి.

కళ్ల సంగతి అన్నిటికంటే ముఖ్యం. కనపడని ఆ కిరణం స్టీలు మీద పడి ఎగిరి కంటికి తగిలితే చూపు పోతుంది. దానికి తగ్గ కళ్లజోడే పెట్టుకోవాలి, ఎండకు పెట్టుకునే నల్లద్దాలు పనికిరావు. పిల్లలు గుంపుగా తొంగి చూస్తారు కనుక చుట్టూ మూత పెట్టించాం. మూత దించనిదే మిషను నడవదు. ఇంకొకటి, రెక్సిన్ పర్సు తెచ్చి పేరు వేయమంటారు. రెక్సిన్ చాలావరకు పి.వి.సి. అది కాలితే వచ్చే ఆమ్లపు పొగ ఊపిరితిత్తులకూ చేటు, మిషనుకూ చేటు. ఎంత డబ్బిస్తామన్నా మేము ముట్టుకోం.

తెలుగుతో మరో తంటా. కొన్ని కంప్యూటరు ప్రోగ్రాముల్లో వత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. అందుకని పేరును ముందుగా బొమ్మగా మార్చి ఎక్కించాలి. అక్షరాలు సరిచూడడం నా పని. చీటీ రాసుకోవడం కూడా నాదే.

ఇక అసలు సంగతి. కిందటి సంక్రాంతికి ఒక ఎగ్జిబిషన్‌లో నా ఈడు ఆవిడ పాత స్టీలు టిఫిను డబ్బా తెచ్చారు. చనిపోయిన భర్త ముప్పై ఏళ్లు ఆఫీసుకు పట్టుకెళ్లిన డబ్బా. దాని మీద ఆయన పేరు వేయమన్నారు. మైకు హోరు, జనం గోల. ఆవిడ చెప్పింది సూర్యనారాయణ. నేను రాసింది సత్యనారాయణ. మావాడు చీటీ చూసి వేసేశాడు. డబ్బా చేతికి తీసుకుని, అక్షరాల మీద వేలు పెట్టి చదువుకుని, ఆవిడ ఏమీ అనకుండా నిలబడిపోయారు.

తప్పు నాదని చెప్పి కొత్త డబ్బా కొనిస్తానన్నాను. “కొత్తది ఎందుకు అన్నయ్యగారూ, దాన్ని ఆయన ముట్టుకోలేదుగా” అన్నారు.

ఆ మాటతో నాకు ఎప్పటిదో గుర్తుకొచ్చింది. సర్వీసులో ఉండగా ఒక ఉద్యోగి భార్య కుటుంబ పింఛను కాగితాలతో నా బల్ల దగ్గరికి వచ్చింది. సర్వీసు రిజిస్టర్లో ఆమె పేరుకూ రేషను కార్డులో పేరుకూ ఒక్క అక్షరం తేడా. “సరిచేయించుకుని రామ్మా” అని కాగితాలు వెనక్కిచ్చాను. రూలు ప్రకారమే చేశాను. కానీ రిజిస్టర్లో తప్పు రాసింది ఆవిడ కాదు, మా సెక్షనే. ఆవిడ ఎన్నిసార్లు తిరిగిందో నేను లెక్క పెట్టలేదు. ఈ వయసులో, ఒక డబ్బా ముందు, ఆ లెక్క నాకు అందింది.

స్టీలు మీద పడ్డ అక్షరానికి వైటు పూయలేం, కొట్టేసి పొట్టి సంతకం పెట్టలేం. మావాడు సన్నటి ఎమెరీ కాగితంతో గంటసేపు రుద్దాడు. పేరు పోయింది, గీత మిగిలింది. ఆవిడ అంగీకరించాక మూత లోపలి వైపు సరైన పేరు వేశాం. “ఆయన తీసేది మూతేలెండి” అని నవ్వి తీసుకెళ్లారు. డబ్బులు మేము పుచ్చుకోలేదు.

ఆ రోజు నుంచి మా బల్ల దగ్గర ఆఫీసు పద్ధతే. పేరు వారి చేతే చీటీ మీద రాయిస్తాం. నేను పైకి చదువుతాను. వారు సంతకం పెడతారు. తర్వాత మిషనులోని ఎర్రటి వెలుగుతో పేరు ఎక్కడ పడుతుందో చూపించి, సరేనన్నాకే మీట నొక్కుతాం. లైన్లో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

సోదరులారా, నా రెండో మనవి ఇదే. ఇవాళ ఇంటికెళ్లగానే మీ పి.పి.ఓ. తీయండి. అందులో మీ ఇల్లాలి పేరు, పుట్టిన తేదీ ఆధార్లోనూ బ్యాంకు పుస్తకంలోనూ ఎలా ఉన్నాయో ఒక్కొక్క అక్షరం సరిచూడండి. ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదవండి. తేడా ఉంటే మీరుండగానే దరఖాస్తు పెట్టి సరిచేయించండి. మన తర్వాత ఆవిడ ఏ బల్ల ముందూ కాగితాలు పట్టుకుని నిలబడకూడదు. ఆ బల్ల వెనక కూర్చున్నవాణ్ణి గనుక చెబుతున్నాను.