పాచిలో దాగిన లోకం

(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

ఉత్సవవేళ సూక్ష్మజీవుల ప్రసక్తి ఏమిటని కొందరు అనుకోవచ్చు. చిరకాలంగా విజ్ఞానశాస్త్రం బోధిస్తున్న దానను. నాకు తెలిసిన దారిలో నడవడమే నాకు సుఖం.

మన భాషలో ‘పాచి’ అనే మాట ఉన్నది. ఉదయం లేవగానే పళ్ళమీద ఉండేదీ పాచియే, నీటితొట్టె గోడలకు జారుడుగా పట్టేదీ పాచియే. రెంటికీ ఒకే పేరు పెట్టిన మన పెద్దలు సూక్ష్మదర్శినిని ఎరుగరు, అయినా పొరపడలేదు. తొట్టెలో నాచు కూడా కలియవచ్చుగాని, రెండుచోట్లా బాక్టీరియాలు గుంపుగూడి, తాము స్రవించిన జిగురులోనే కాపురముంటాయి. శాస్త్రజ్ఞులు దీనిని బయోఫిల్మ్ అంటారు. మనం జీవపొర అందాం.

హాలండు దేశపు బట్టల వర్తకుడు లీవెన్‌హుక్ తన పళ్ళ పాచిని స్వయంగా చేసుకొన్న కటకంతో పరిశీలించి, అందులో కదలాడే జీవులను గురించి 1683లో లండన్ రాయల్ సొసైటీకి లేఖ వ్రాశాడు. వినెగర్ పుక్కిలించినా పాచి లోపలి జీవులు చావలేదనీ, అది పైపొరను దాటి చొరలేదనీ అనంతరం గ్రహించాడు. ఇంత ముందుగా తెలిసిన సంగతిని లోకం పట్టించుకోలేదు. ప్రయోగశాలలు చాలాకాలం ద్రవంలో విడివిడిగా తేలే బాక్టీరియాలనే ప్రధానంగా పరీక్షించాయి. ప్రకృతిలో అవి అధికంగా ఏదో ఒక ఉపరితలాన్ని అంటుకొనియే బ్రతుకుతాయని 1978లో కోస్టర్టన్ మున్నగువారు నొక్కి చెప్పారు.

పొరలోని బాక్టీరియాకు మందు ఎందుకు పనిచేయదు? జిగురు కొన్ని మందులను ఆలస్యపరుస్తుంది. అంతకంటె ముఖ్యమైనది మరొకటి. పొర అడుగున ప్రాణవాయువు, ఆహారం కొరవడి అవి మందకొడిగా ఉంటాయి. పెన్సిలిన్, బాక్టీరియా తన గోడ కట్టుకొనే పనిని చెడగొడుతుంది. గోడ కట్టక పడుకొన్నదానిని అదేమి చేయగలదు? 1944లో బిగ్గర్ అనే డబ్లిన్ వైద్యుడు, పెన్సిలిన్ ఎంత పోసినా కొన్ని మిగులుతున్నాయనీ, వాటి సంతతి మాత్రం అదే మందుకు తిరిగి చస్తున్నదనీ చూపాడు. అంటే అవి మందును జయించలేదు, నిద్రించాయి. కృత్రిమ కీళ్ళమీద, మూత్రనాళపు గొట్టాలమీద ఇట్టి పొర పట్టితే, పెక్కుసార్లు ఆ వస్తువునే తీసివేయవలసి వస్తుంది.

నిజమైన నిరోధకత వేరు. అది జన్యువులలో మార్పు, వంశపారంపర్యం. ఇరుకుగా కాపురముండేచోట అట్టి జన్యువులు ఒకదానినుండి మరొకదానికి చేరడానికి వీలెక్కువ. నిరోధకత గల బాక్టీరియాల వలన నేరుగా సంభవించిన మరణాలు 2019లో ప్రపంచమంతటా సుమారు 12.7 లక్షలని అంచనా.

భీమవరంలో జన్మించి, ఈ చెన్నపట్టణంలోనే వైద్యవిద్య నభ్యసించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు సారథ్యం వహించినప్పుడే అక్కడ డగ్గర్ మట్టినుండి ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. అది 1948లో లోకానికి వెల్లడైంది. ఇటువంటి ఫలాన్ని మనమెట్లు వాడుకొంటున్నాము? అన్నకు మిగిలిన మాత్రలు తమ్మునికి వేసి బడికి పంపే తల్లులున్నారు. వైరస్ వలన వచ్చే జలుబుకు ఆంటీబయాటిక్ అడిగి కొనేవారున్నారు. చాలీచాలని మోతాదు ప్రమాదమని ఫ్లెమింగ్ 1945లోనే, నోబెల్ ప్రసంగంలో, హెచ్చరించాడు. వైద్యుడు చెప్పినన్ని దినాలు, చెప్పిన మోతాదు. తక్కువా వద్దు, ఎక్కువా వద్దు.

పాచికి మొదటి మందు రాపిడి. దంతధావనమైనా, తొట్టె శుభ్రమైనా అంతే. గోడలు రుద్దక బ్లీచింగు పొడి మాత్రం చల్లితే చాలదని మా నౌకర్లకు పదే పదే చెబుతుంటాను, విసుక్కొన్నా సరే.

ఈ సభలో వైద్యులైన పూర్వ విద్యార్థులుంటే ఒక మనవి. ఒక శనివారం మా తొమ్మిదవ తరగతికి వచ్చి, పిల్లల పళ్ళ పాచినే సూక్ష్మదర్శినిలో వారికి చూపండి. తల్లిదండ్రులకు వెనుక బల్లలు ఖాళీగా ఉంచుతాము.